నిన్నటి కంటే ఒక మెట్టు పైకి

బడిలో ప్రోగ్రెస్ కార్డు ఇచ్చిన రోజున మన ఇళ్ళలో వినిపించే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎన్నో ర్యాంకు?" రెండో ప్రశ్న ఇంకా కటువుగా ఉంటుంది: "పక్కింటి పిల్లకు ఎన్ని మార్కులు?" ఈ రెండింటికీ జవాబు చెప్పలేక తల వంచుకొని నిలబడిన పసివాణ్ణి మూడో ప్రశ్న అడిగేవారు మాత్రం చాలా తక్కువ. "మొన్న రానిది ఇవాళ నీకు ఏం వచ్చింది?" అన్నదే ఆ మూడో ప్రశ్న. ఈ నెల మన చర్చ దాని గురించే.

భద్రాచలం ఏజెన్సీ అంచున ఒక పల్లె. మిర్చి ఏరే పనులు ముగిసిన రోజులు. సంఘం పనిమీద వెళ్ళి ఒక ఇంటి ముందు కూర్చున్నాను. తండ్రి ఊరూరా తిరిగి పాత ఇనుము కొంటాడు. తల్లి మిర్చి చేలకు కూలికి పోతుంది. మూడో తరగతి చదివే కూతురు చంటి చెల్లెల్ని ఎత్తుకొని దాదాపు నెలన్నర ఆ చేల గట్ల మీదే ఉండిపోయింది. కార్డులో అన్నిటికంటే కింది గ్రేడు. "భాయ్‌సాబ్, దీనికి చదువు అబ్బదు. ఇంకో ఏడాది చూసి మాన్పించేస్తా" అన్నాడు తండ్రి. పాపను తెలుగు వాచకం తెమ్మన్నాను. వేలు పెట్టి, ఆగి ఆగి, నాలుగు వాక్యాలు చదివింది. "దసరా సెలవుల్లో ఇది చదవగలిగేదానివా బేటా?" అని అడిగితే తల అడ్డంగా ఊపింది. "అప్పుడు అక్షరాలే వచ్చు చాచా" అంది.

అక్షరాల నుంచి వాక్యాల దాకా, మధ్యలో నెలన్నర బడి పోగొట్టుకొని కూడా, ఆ బిడ్డ నడిచి వచ్చిన దూరం ఎంత! ఆ దూరం రాయడానికి కార్డులో గడి లేదు. అందుకే తండ్రికి అది కనబడలేదు. కనబడని ప్రగతికి ఎవరూ విలువ కట్టరు. విలువ కట్టని చదువును మాన్పించడం ఎవరికీ నష్టంగా తోచదు.

ప్రాథమిక పాఠశాల పిల్లవాడికి కొలబద్ద పక్క పిల్లవాడు కాకూడదు. నిన్నటి తానే కావాలి. తన శక్తి మేరకు తాను ఎంత ఎదగగలడో అంతా ఎదగమని బిడ్డను ప్రోత్సహించాలి. ఇది ఓడిన బిడ్డను ఊరడించడానికి చెప్పే తీపి మాట కాదు. చట్టం ఇచ్చిన హక్కు. మన సంప్రదాయానికి బాగా తెలిసిన పద్ధతి కూడా.

ముందు మన ప్రాంతాన్ని చూద్దాం. ఖమ్మం నుంచి కొత్తగూడెం మీదుగా గోదావరి దాటి భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్ళే కొద్దీ తరగతి గది స్వరూపం మారిపోతుంది. ఒకే బల్ల మీద కూర్చున్న ముగ్గురు పిల్లలు మూడు భాషల ఇళ్ళ నుంచి వస్తారు. ఒకరింట్లో దక్కనీ ఉర్దూ, ఒకరింట్లో కోయ భాష, దూదేకుల వారింట్లో తెలుగు. పైగా 2022-23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించింది. తెలుగు ఇంటి భాషగా ఉన్న పిల్లవాడు ఒక మెట్టు ఎక్కితే చాలు. అడవి లోపలి గూడెం నుంచి, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాటి వలస వచ్చిన గుత్తికోయ కుటుంబం నుంచి వచ్చిన బిడ్డ ముందు తెలుగు నేర్చి, ఆపై ఇంగ్లీషు నేర్చి, ఆ తరువాతే పాఠంలో ఏముందో తెలుసుకోవాలి. ఉర్దూ ఇంటి బిడ్డ పరిస్థితీ దాదాపు అంతే. ఈ ముగ్గురినీ ఒకే ప్రశ్నాపత్రంతో కొలిచి ఒకటి, రెండు, మూడు అని వరస కట్టడం ఎక్కడి న్యాయం? ఒకరు గట్టు మీద నుంచి, ఒకరు వాగు మధ్య నుంచి పరుగు మొదలుపెట్టినప్పుడు, ఎవరు ముందు చేరారన్నది వారి పరుగు బలాన్ని చెప్పదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టారన్నదే చెబుతుంది.

దీనికి తోడు పనుల కాలాలు. సంక్రాంతి దాటితే మిర్చి, వేసవి మొదలైతే తునికాకు. తల్లితోపాటు బిడ్డ పోతుంది. హాజరు పట్టీలో ఖాళీలు పడతాయి. తిరిగి వచ్చిన బిడ్డ తరగతితో సమానంగా లేదని "మొద్దు" అన్న పేరు పెడతారు. ఆరేడేళ్ళ వయసులో పడిన ఆ పేరు ఒంటికి పచ్చబొట్టులా అంటుకుంటుంది. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది అసలు బడికే పోలేదని, లేదా మధ్యలో మానేశారని తేల్చింది. పేదరికమే దీనికి పెద్ద కారణం, సందేహం లేదు. కానీ "నాకు చదువు రాదు" అని నమ్మించబడిన పిల్లవాడిని ఇంట్లో ఆపడానికి పేదరికం పెద్దగా శ్రమపడనక్కరలేదు. మెకానిక్ షెడ్డు గుమ్మం ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

పోటీ లేకుండా పిల్లలు ఎలా ఎదుగుతారని కొందరు అడుగుతారు. వారిని ఒక్కసారి మన మక్తబ్ వైపు చూడమని కోరుతున్నాను. ఫజ్ర్ తరువాతో, అస్ర్ తరువాతో మస్జిద్ వరండాలో పిల్లలు వరసగా కూర్చుంటారు. ఒకడి చేతిలో ఖాయిదా, ఇంకొకడి చేతిలో అమ్మ పారా, మరొకడు నాజిరాలో సగం దాటాడు. మౌల్వీ సాహెబ్ ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి వాడి సబఖ్ మాత్రమే వింటారు. నిన్నటి సబఖ్ సరిగా అప్పజెబితేనే కొత్త సబఖ్. రాకపోతే అదే మళ్ళీ. పాత పాఠం మరవకుండా ఆమోఖ్తా. ఎనిమిదేళ్ళవాడు ఖాయిదాలో ఉన్నా, ఆరేళ్ళవాడు పారాలో ఉన్నా అక్కడ అది వింత కాదు. మొదటి ర్యాంకు, చివరి ర్యాంకు అన్న మాటే లేదు. బిడ్డ ఖుర్ఆన్ పఠనం పూర్తి చేసిన రోజు ఇంట్లో మిఠాయి పంచుతాం. ఎన్ని నెలల్లో పూర్తి చేశాడని ఎవరూ అడగరు.

బెత్తం వాడిన మక్తబ్‌లూ ఉన్నాయి. అర్థం చెప్పకుండా వల్లె వేయించినవీ ఉన్నాయి. ఆ లోపాలను దాచనక్కరలేదు. అయితే ప్రతి బిడ్డనూ వాడున్న చోటు నుంచే ముందుకు నడిపించాలన్న మూలసూత్రం మాత్రం తరతరాలుగా మన చేతిలో ఉంది. ఇఖ్రా, అంటే చదువు, అన్న ఆజ్ఞతో మొదలైన ధర్మం మనది. మన పిల్లలకు నేర్పే దుఆలో సైతం తన జ్ఞానాన్ని పెంచమని ప్రభువును వేడుకోవడమే ఉంది. పక్కవాడి కంటే ఎక్కువ ఇమ్మన్న కోరిక అందులో లేదు. మస్జిద్ వరండాలో పాటించే ఈ నీతిని బడి గేటు దగ్గర మనం ఎందుకు మరచిపోతున్నాం?

ఇక చట్టం. 2009లో పార్లమెంటు ఆమోదించి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టాన్ని మనలో చాలామంది ఫీజు లేని చదువుగానే అర్థం చేసుకున్నారు. అందులోని 24వ సెక్షన్ చదివినవారు తక్కువ. ప్రతి బిడ్డ నేర్చుకునే శక్తిని ఉపాధ్యాయుడు అంచనా వేయాలని, దానినిబట్టి అవసరమైన అదనపు బోధన అందించాలని ఆ సెక్షన్ విధిస్తోంది. తల్లిదండ్రులతో తరచుగా సమావేశమై బిడ్డ హాజరు, నేర్చుకునే సామర్థ్యం, సాధించిన ప్రగతి తెలియజేయాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. 29వ సెక్షన్ బిడ్డకు భయం, ఆందోళన లేని చదువు ఉండాలని, వీలైనంతవరకు మాతృభాషలో బోధన సాగాలని, బిడ్డ అవగాహనను నిరంతరం, సమగ్రంగా మూల్యాంకనం చేయాలని నిర్దేశిస్తోంది. 17వ సెక్షన్ దేహశిక్షనే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. పదిమంది ముందు "మొద్దు" అని పిలవడం ఆ వేధింపు కాక మరేమిటి?

అంటే "నా బిడ్డ తరగతిలో ఎన్నోవాడు?" అని అడిగే హక్కు కంటే "నా బిడ్డ జూన్‌లో ఎక్కడ ఉన్నాడు, ఇప్పుడు ఎక్కడికి చేరాడు, వాడికోసం అదనంగా ఏం చేశారు?" అని అడిగే హక్కే చట్టంలో స్పష్టంగా ఉంది. ఆ హక్కును మనం వాడుకోవడం లేదు.

వాడుకోవాలంటే చేతిలో ఒక కొలత ఉండాలి. అది కష్టమైన పని కాదు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి గ్రామీణ భారతంలో జరుపుతున్న అసర్ సర్వేలో ఇంటి గడప మీద కూర్చుని నిమిషాల్లో పూర్తిచేసే పరీక్ష ఉంది. చదవడంలో మెట్లు ఇవి: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కల్లో మెట్లు ఇవి: ఒకటి నుంచి తొమ్మిది అంకెలు గుర్తించడం, రెండంకెల సంఖ్యలు గుర్తించడం, అప్పు తెచ్చుకొని చేసే తీసివేత, భాగహారం. బిడ్డ ఏ మెట్టు మీద ఉన్నదో తెలిస్తే తరువాతి మెట్టు ఏదో తల్లికీ తెలుస్తుంది. కేంద్రం 2021 జులైలో ప్రారంభించిన నిపుణ్ భారత్, మన రాష్ట్రంలో 2022 ఆగస్టు 15న మొదలైన తొలిమెట్టు కార్యక్రమాల ఉద్దేశం కూడా చిన్న తరగతుల్లోనే చదవడం, రాయడం, లెక్కలు చేయడం గట్టిపడాలన్నదే. కాబట్టి మనం బడితో తగువుకు పోవడం లేదు. బడి చేయవలసిన పనినే గుర్తు చేస్తున్నాం.

ఉద్యోగకాలమంతా రిజిస్టర్లు రాసినవాణ్ణి. లెక్క పుస్తకంలో ప్రారంభ నిల్వ రాయకుండా ముగింపు నిల్వ ఒక్కటే రాస్తే ఏ ఆడిటరూ ఒప్పుకోడు. పిల్లల చదువు విషయంలో మనం సరిగ్గా ఆ తప్పే చేస్తున్నాం. పరీక్ష రోజున ఎంత ఉందో చూస్తున్నాం. ఎంతతో మొదలైందో రాసుకోవడం లేదు. అందుకే ప్రతి బిడ్డకూ ఒక చిన్న నోటు పుస్తకం పెట్టండి. నెలకొకసారి తేదీ వేసి, ఏ మెట్టు దాకా వచ్చాడో ఒక్క వాక్యం రాయండి. చదువు రాని తల్లి అయితే బిడ్డ చేతనే రాయించాలి. "ఈ నెల నాకు ఒత్తులు వచ్చాయి" అని బిడ్డ తన చేత్తో రాసుకున్న వాక్యం కంటే గొప్ప ప్రోగ్రెస్ కార్డు ఉండదు. అది చదివి వినిపించేటప్పుడు ఆ ముఖంలో వెలుగు చూడండి.

పొగిడే తీరులోనూ జాగ్రత్త అవసరం. అమెరికాలో మ్యూలర్, డ్వెక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఐదో తరగతి పిల్లలపై చేసిన ప్రయోగాలను 1998లో ప్రచురించారు. కొందరిని "నువ్వు తెలివైనవాడివి" అని, మరికొందరిని "బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకున్నారు. ఆ తరువాత కష్టమైన సమస్యలు ఇచ్చి తడబడేట్టు చేశారు. తెలివి పేరిట మెప్పు పొందినవారు ఆ దెబ్బకు వెనక్కి తగ్గారు. కష్టం పేరిట మెప్పు పొందినవారు పట్టు వదలలేదు. ఒక్క పరిశోధనతో అన్నీ తేలిపోవు గాని, ఈ ఫలితం మన పెద్దల అనుభవానికి దూరమైనది కాదు. తెలివి పుట్టుకతో వచ్చిందనుకున్నవాడు అది పోతుందేమోనని భయపడతాడు. శ్రమ తన చేతిలో ఉందని తెలిసినవాడు మళ్ళీ లేచి నిలబడతాడు.

ఇందుకు ఉదాహరణ కోసం మనం దూరం పోనక్కరలేదు. 2014 మే 25న ఇద్దరు గురుకుల విద్యార్థులు ఎవరెస్టు శిఖరం ఎక్కారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ పేరు అందరికీ తెలుసు. రెండోవాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. నాటి ఖమ్మం జిల్లా చర్ల మండలం వాడు, సైకిళ్ళు బాగుచేసే తండ్రి కొడుకు. మన బస్తీల్లో ఎందరు తండ్రులు అదే పనిలో లేరు! భువనగిరి కొండ రాళ్ళ మీద మొదలైన వారి సాధన డార్జిలింగ్, లద్దాఖ్ దాకా మెట్టు మెట్టుగా సాగింది. పర్వతారోహణలో ఒక నియమం ఉంది. పై శిబిరం దాకా ఎక్కి, మళ్ళీ కిందికి దిగి వచ్చి నిద్రపోవాలి. మరుసారి ఇంకొంచెం పైకి ఎక్కాలి. పలచటి గాలికి దేహం అలవాటు పడేది అలాగే. పక్కవాడిని చూసి తొందరపడితే ప్రాణం మీదికి వస్తుంది. తన ఊపిరి లెక్క తానే చూసుకోవాలి. 8,848 మీటర్ల ఎత్తుకు దారి అదే అయితే, ఒత్తుల నుంచి వాక్యాల దాకా దారి మరోలా ఎందుకు ఉంటుంది?

ఆ ఇద్దరి విజయం నుంచి ఇంకో సంగతి కూడా నేర్చుకోవాలి. వారికి పట్టుదల ఉంది. దానితోపాటు గురుకులం, శిక్షకుడు, తిండి, పరికరాలు, నమ్మి ఖర్చు పెట్టిన ప్రభుత్వ సంస్థ కూడా ఉన్నాయి. "నీ శక్తి మేరకు నువ్వు చెయ్యి, అదే చాలు" అన్న మాటను ప్రభుత్వాలు తమ బాధ్యత తప్పించుకోవడానికి వాడుకునే ప్రమాదం ఉంది. అరవై మంది పిల్లల దాకా ఉన్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు, ఏడాదికి 200 పనిదినాలు ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూలే చెబుతోంది. ఐదు తరగతులకూ ఒక్క పంతులుతో నడిచే బడిలో ఆయన ప్రతి బిడ్డ మెట్టునూ ఎలా చూడగలడు? అడవి అంచు బిడ్డకు ఇంతకు మించి రాదులే అని సరిపెట్టుకోవడం ప్రోత్సాహం కాదు, వివక్ష. బిడ్డను బిడ్డతో పోల్చవద్దు. బడిని మాత్రం తప్పకుండా చట్టంతో పోల్చి చూడాలి.

ఈ విషయం మన హక్కుల పోరాటానికి ఎంత దగ్గరిదో గమనించండి. తెలంగాణ మైనారిటీ గురుకులాలు 2016లో 71 పాఠశాలలతో మొదలై, తరువాత 204కు చేరాయి. అది చిన్న సాధన కాదు. కానీ అక్కడ ప్రవేశం ఐదో తరగతి నుంచి. నాలుగో తరగతిలోపే "మొద్దు" ముద్ర పడి బడి వదిలిన బిడ్డకు ఆ గేటు తెరిచి ఉన్నా ఒకటే, మూసి ఉన్నా ఒకటే. 2007 చట్టం ద్వారా బీసీ-ఇ వర్గాలకు వచ్చిన 4 శాతం రిజర్వేషన్ నేటికీ సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుల నీడలోనే నడుస్తోంది. దూదేకుల సోదరులకు బీసీ-బిలో స్థానం ఉంది. ఈ రిజర్వేషన్లను కాపాడుకోవడానికి సభలు పెడుతున్నాం, వినతిపత్రాలు ఇస్తున్నాం. ఇవ్వవలసిందే. అయితే ఆ సీట్లలో కూర్చోవలసిన పిల్లలు ఇవాళ రెండో తరగతిలో, మూడో తరగతిలో ఉన్నారు. కాలేజీ గేటు దగ్గర మనం కాపలా కాస్తుండగా, వారు ప్రాథమిక బడి గేటు నుంచే వెనక్కి వెళ్ళిపోతున్నారు.

కాబట్టి ప్రతి మస్జిద్ కమిటీకీ, ప్రతి మహిళా సంఘానికీ మా విన్నపం ఇది. మీ మహల్లాలోని ఐదో తరగతిలోపు పిల్లల పేర్లు ఒక పుస్తకంలో రాయండి. మూడు నెలలకొకసారి చదవడం, లెక్కలు మెట్లవారీగా చూడండి. ఇంటర్, డిగ్రీ చదివే మన పిల్లలకు ఈ పని అప్పగించండి. మక్తబ్ సమయంలో అరగంట బడి పాఠానికి కేటాయించే వీలుందేమో ఉలమాతో సంప్రదించండి. మిర్చి కాలంలో చేలకు పోయే బిడ్డల పేర్లు ముందుగానే బడికి తెలిపి, తిరిగి వచ్చాక అదనపు బోధన కోరండి. తల్లిదండ్రుల సమావేశానికి తల్లులు వెళ్ళాలి. బడి వార్షికోత్సవంలో మొదటి ర్యాంకుకు ఇచ్చే బహుమతి పక్కన, ఏడాదిలో అందరికంటే ఎక్కువ మెట్లు ఎక్కిన బిడ్డకు మన సంఘం తరఫున ఒక బహుమతి పెట్టండి. ఆ బిడ్డ మన వాడే కానక్కరలేదు. పక్క గూడెం కోయ బిడ్డ అయినా, దళితవాడ బిడ్డ అయినా అదే చప్పట్లు కొట్టాలి. పొరుగువాడి బిడ్డ ఎదుగుదలను సహించలేనివాడు తన బిడ్డకు న్యాయం అడగలేడు.

ఆ ఇనుము కొనే తండ్రికి ఆ రోజు నేను పెద్దగా ఏమీ చెప్పలేదు. పాప చేత ఆ నాలుగు వాక్యాలు మళ్ళీ చదివించాను. ఆయనకు చదువు రాదు. అయినా కూతురి గొంతు ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ సాగుతోందో శ్రద్ధగా విన్నాడు. "దసరాకు ఇది రాదా దీనికి?" అని అడిగాడు. రాదన్నాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత "వచ్చే దసరాకు ఎంత చదువుతుందంటారు భాయ్‌సాబ్?" అన్నాడు.

ఆ ప్రశ్న మన ప్రతి ఇంటా వినిపించే రోజు రావాలి. అల్లాహ్ మన పిల్లల జ్ఞానాన్ని రోజురోజుకూ పెంచుగాక! ఆ పెరుగుదలను చూడగల చూపును మనకూ ప్రసాదించుగాక! ఆమీన్.